పాఠకుడికి విసుగు పుట్టకుండా సైట్లో యాడ్స్ పెట్టుకోవడం ఎలా

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్న కుర్రాడు హాల్ టికెట్ కోసం మీ సైటు తెరిచాడనుకోండి. పేజీ వచ్చింది, ‘డౌన్‌లోడ్’ లింకు కనిపించింది, వేలు దించాడు. సరిగ్గా ఆ అర సెకనులో పైన ఖాళీగా ఉన్న చోట యాడ్ దిగింది. లింకు కిందికి జారింది, వేలు యాడ్ మీద పడింది, ఇంకేదో సైటు తెరుచుకుంది. అతను వెనక్కి వచ్చేస్తాడు. అయితే మీ పేజీకి కాదు, గూగుల్‌కి. అక్కడ రెండో లింకు నొక్కుతాడు. ఆ క్లిక్కుకి మీ ఖాతాలో ఏదో నాలుగు రూపాయలు పడ్డట్టు కనిపించవచ్చు, కానీ అదీ నిలవదు. పొరపాటు క్లిక్కుల్ని గూగుల్ గుర్తుపట్టి కోసేస్తుంది. చివరికి డబ్బూ రాలేదు, మనిషీ పోయాడు.

చాలా సైట్లు దెబ్బతినేది ఇక్కడే. యాడ్ పెంచితే ఆదాయం ఆ రోజే కనిపిస్తుంది. విసిగి మానేసినవాళ్లు మాత్రం రెండు మూడు నెలల తర్వాత గానీ లెక్కకు రారు. అప్పటికి ఏ మార్పు వల్ల పోయారో ఎవరికీ గుర్తుండదు. కాబట్టి యాడ్స్ జోలికి వెళ్లేముందు వచ్చే డబ్బునీ పోయే పాఠకుణ్నీ ఒకే త్రాసులో తూచే పద్ధతి పెట్టుకోవాలి.

ముందు లెక్క మార్చుకోండి

యాడ్‌సెన్స్ (సైట్లలో యాడ్స్ చూపించి డబ్బిచ్చే గూగుల్ సేవ) తెరవగానే కనిపించే పేజీ ఆర్‌పీఎం అంటే వెయ్యి పేజీ వ్యూస్‌కి వచ్చిన ఆదాయం. దీన్ని ఒక్కదాన్నే చూస్తే మోసపోతాం. పేజీకి యాడ్స్ పెంచితే ఈ అంకె దాదాపు ఎప్పుడూ పెరుగుతుంది. చూడాల్సింది ఒక మనిషి ఒకసారి వచ్చి వెళ్లేలోపు మీకు ఎంత మిగిల్చాడన్నది. పేజీ ఆర్‌పీఎంని, ఒక సెషన్‌లో (అంటే ఒక రాకలో) సగటున చూసే పేజీల సంఖ్యతో గుణించండి. అదే వెయ్యి సెషన్ల ఆదాయం.

లెక్క ఇలా ఉంటుంది. పేజీకి మూడు యాడ్స్ ఉన్నప్పుడు ఆర్‌పీఎం 60 రూపాయలు, సెషన్‌కి 2.4 పేజీలు అనుకుందాం. వెయ్యి సెషన్లకు 144 రూపాయలు. యాడ్స్ ఆరు చేశారు. ఆర్‌పీఎం 85కి ఎక్కింది, కానీ జనం 1.5 పేజీలకే వెళ్లిపోతున్నారు. ఇప్పుడు వెయ్యి సెషన్లకు 127.50. డాష్‌బోర్డులో ఆర్‌పీఎం గీత పైకి పోతూనే ఉంటుంది, జేబులోకి వచ్చేది మాత్రం తగ్గింది. దీనికి తోడు గూగుల్ అనలిటిక్స్‌లో తిరిగి వచ్చే పాఠకుల సంఖ్య వారానికోసారి రాసి పెట్టుకోండి. పరీక్షల సైటుకైనా, వంటల సైటుకైనా, లోకల్ వార్తల సైటుకైనా అసలు ఆస్తి వాళ్లే. గూగుల్ సెర్చ్‌లో మీ స్థానం కిందికి జారిన రోజు ఆదుకునేదీ వాళ్లే.

ఇంకో రెండు అంకెల మీద కన్నుండాలి. ఒకటి సీటీఆర్, అంటే యాడ్ వందసార్లు కనిపిస్తే ఎన్నిసార్లు నొక్కారన్నది. మొబైల్లో ఏదో స్లాట్ (యాడ్ పెట్టే చోటు) జరిపారు, మర్నాటికి క్లిక్ శాతం మూడు నాలుగు రెట్లయింది. సంబరపడకండి. జనానికి యాడ్ నచ్చడం వల్ల అంత తేడా రాదు, వేళ్లు జారుతున్నాయి. రెండోది అంచనా ఆదాయానికీ ఖరారైన ఆదాయానికీ మధ్య తేడా. యాడ్‌సెన్స్ ముందు నెల ఆదాయాన్ని మూడో తేదీలోపు ఖరారు చేస్తుంది, 21 నుంచి 26 లోపు డబ్బు పంపుతుంది. ఖరారయ్యేటప్పుడు కోత నెలనెలా పెరుగుతోందంటే పొరపాటు క్లిక్కులు ఎక్కువవుతున్నాయని అనుమానించాల్సిందే. అలాంటి ఖాతాకు యాడ్స్ పరిమితం చేసేస్తారు, ముదిరితే ఖాతాయే మూసేస్తారు.

ఫోను తెర మీద జానా బెత్తా కొలత

మీ సైటును ల్యాప్‌టాప్‌లో చూసి తీర్పు చెప్పకండి. మన పాఠకుడు మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే మెట్రోలో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో చదువుతాడు. పది వేల రూపాయల ఆండ్రాయిడ్ ఫోను ఒకటి తీసుకుని, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద చూడండి. ఫోను దొరక్కపోతే క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో తెర వెడల్పు 360 పెట్టి, నెట్‌వర్క్‌ని ‘స్లో 4జీ’కి మార్చండి.

ఇప్పుడు కొలవండి. అడ్రస్ బార్ పోగా చిన్న ఫోన్లో మీకు మిగిలే ఎత్తు దాదాపు 560 పిక్సెళ్లు. అందులో సైటు పేరున్న హెడర్ 56. దాని కింద ‘మా వాట్సాప్ గ్రూపులో చేరండి’ అనే ఆకుపచ్చ పట్టీ 48. అడుగున అంటుకుని ఉండే యాంకర్ యాడ్ 100. మొత్తం 204. తెరలో 36 శాతం పోయింది, ఇంకా ఒక్క వాక్యం కూడా చదవలేదు. పైగా ‘నోటిఫికేషన్లు అనుమతిస్తారా’ అన్న పెట్టె ఒకటి, ‘మా యాప్ దించుకోండి’ ఒకటి. ఇవన్నీ మనం డబ్బు తీసుకోని యాడ్స్. పాఠకుడికి ఆ తేడా తెలియదు, అతని దృష్టిలో అన్నీ అడ్డాలే. ఆదాయం తెచ్చే యాడ్ తీసే ముందు ఈ పైసా రాని పట్టీలు తీయండి. వాట్సాప్ ఆహ్వానం వ్యాసం చివర పెట్టినా, చదివి నచ్చినవాడు ఎలాగూ చేరతాడు. నోటిఫికేషన్ల అనుమతి మొదటి పేజీలోనే అడగకండి, రెండో మూడో సారి వచ్చినవాణ్ని అడగండి.

యాడ్స్ ఎంత దాకా పెట్టవచ్చో తెలుసుకోవడానికి చేతిలో ఒక గట్టి హద్దు ఉంది. ‘కొయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్’ అనే ప్రకటనల రంగ సంస్థల కూటమి ప్రమాణాల ప్రకారం మొబైల్ పేజీలో యాడ్స్ ఎత్తులన్నీ కలిపితే ప్రధాన కంటెంట్ భాగం ఎత్తులో 30 శాతం దాటకూడదు. ఈ ప్రమాణాలు మీరిన సైట్లలో యాడ్స్‌ని అడ్డుకోవడం క్రోమ్ 2018 ఫిబ్రవరిలో మొదలుపెట్టి, 2019 జూలై నుంచి ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. గూగుల్ తనిఖీలో సైటు 30 రోజులకు మించి ‘ఫెయిలింగ్’ (తప్పినట్టు) స్థితిలో ఉంటే తప్పు చేసిన యాడ్ ఒక్కటే కాదు, సైట్లోని యాడ్స్ అన్నీ ఆగిపోతాయి.

మీ పేజీలో వ్యాసం భాగం, యాడ్స్‌తో కలిపి, 2,400 పిక్సెళ్ల ఎత్తుందనుకుందాం. 300×250 సైజువి రెండు, 320×100 ఒకటి, అడుగున 50 ఎత్తు యాంకర్ ఒకటి: మొత్తం 650, అంటే 27 శాతం. ఫరవాలేదు. ఇంకో 300×250 దూర్చారా, యాడ్స్ 900, పేజీ 2,650. 34 శాతానికి వెళ్లిపోయారు. ఒక్క యాడ్‌తో హద్దు దాటేశారు. చిన్న వార్తలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నాలుగు పేరాల వార్తకు ఒక్క యాడ్ చాలు.

తెరను బట్టి సైజు మార్చుకునే రెస్పాన్సివ్ యాడ్ యూనిట్లతో ఒక తిరకాసు ఉంది. అవి మొబైల్లో తెర వెడల్పంతా పరుచుకుంటాయి, ఎత్తు కూడా మీరు అనుకున్నదాన్ని మించుతుంది. వ్యాసం పైభాగంలో ఉండే యూనిట్‌కి కోడ్‌లోని ‘డేటా-ఫుల్-విడ్త్-రెస్పాన్సివ్’ విలువను ‘ఫాల్స్’ చేసి, సైజు 300×250కి బిగించండి.

తెలుగు పేజీకి తెలుగు లెక్కే

‘ప్రతి 150 పదాలకు ఒక యాడ్’ అని సెట్ చేసే ప్లగిన్లు (సైటుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి. అవి ఇంగ్లీషు కోసం తయారైనవి. ఇంగ్లీషులో నాలుగు మాటలయ్యేది తెలుగులో విభక్తులు కలిసి ఒక్క మాటలో ఇమిడిపోతుంది. పదాలు తక్కువ, ఒక్కో పదం పొడుగు. ఒత్తులు తెగకుండా లైన్ల మధ్య ఖాళీ కూడా ఎక్కువ ఇవ్వాలి, అక్షరం ఎత్తుకి 1.6 నుంచి 1.8 రెట్లు. 360 పిక్సెళ్ల వెడల్పులో లైనుకి నాలుగైదు పదాలు పడతాయి. అందుకే ఇంగ్లీషు అలవాటుతో వేసిన లెక్క ఇక్కడ కుదరదు. ఇంకా ఘోరం ఏమిటంటే, కొన్ని ప్లగిన్లు వాడే పదాల లెక్క ఫంక్షన్‌కు తెలుగు అక్షరాలే కనపడవు, మీ వ్యాసం మొత్తం సున్నా పదాలుగా తేలుతుంది. యాడ్స్ అన్నీ కుప్పగా చివర పడుతున్నాయంటే కారణం చాలాసార్లు ఇదే.

పదాలు వదిలేసి తెర ఎత్తుతో కొలవండి. రెండు యాడ్స్ మధ్య తెరన్నర దూరం, అంటే సుమారు 850 పిక్సెళ్లు, తప్పనిసరిగా ఉండాలి. ఒకే చూపులో రెండు యాడ్స్ కనిపించకూడదు.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు

మొదటి యాడ్ శీర్షికకీ మొదటి పేరాకీ మధ్య పెట్టకండి. అక్కడ రేటు బాగుంటుందన్నది నిజమే, కానీ పాఠకుడు సరైన పేజీకే వచ్చానా అని తేల్చుకునే చోటు అది. మొదటి పేరా చదవనివ్వండి. అతనికి కావలసిన ముక్క అందులోనే చెప్పి, రెండో పేరా తర్వాత యాడ్ పెట్టండి. వంటకం అయితే పదార్థాల పట్టికను మధ్యలో తెంచకండి, కొలతలు చూస్తూ చేసేవాళ్లు చేయి తడిగా ఉండగా స్క్రోల్ చేస్తుంటారు. పరీక్ష నోటిఫికేషన్ అయితే తేదీల పట్టిక పక్కనా, డౌన్‌లోడ్ లింకుకి ఆనించీ పెట్టకూడదు. నొక్కాల్సిన ప్రతి బటన్‌కీ యాడ్‌కీ మధ్య ఒక వేలి మందం, సుమారు 48 పిక్సెళ్లు, ఖాళీ ఉంచండి.

యాడ్ పైన చిన్న అక్షరాల్లో ‘ప్రకటన’ అని రాయండి. ‘ఇవీ చూడండి’, ‘మీకు ఉపయోగపడేవి’ లాంటి పేర్లు పెడితే యాడ్‌సెన్స్ విధానాలకే విరుద్ధం. ‘మా సైటు నిలబడాలంటే యాడ్ నొక్కండి’ అని గ్రూపుల్లో అడగడం అంతకంటే పెద్ద తప్పు, ఖాతా పోతుంది.

ఇక మొదట్లో చెప్పిన జారుడు సంగతి. దీనికి మందు చాలా సులువు. యాడ్ వచ్చాక చోటివ్వడం కాదు, రాకముందే చోటు కేటాయించాలి. యాడ్ చుట్టూ ఉన్న డబ్బాకి సీఎస్ఎస్‌లో ‘మిన్-హైట్’ 280 పిక్సెళ్లు ఇవ్వండి: యాడ్‌కి 250, ‘ప్రకటన’ అనే మాటకు 20, అడుగున 10. డబ్బాకి లేత బూడిద రంగు వేస్తే ఖాళీగా ఉన్నప్పుడూ వికారంగా కనిపించదు. ఒక్కోసారి యాడ్ అసలు రాదు. అప్పుడు యూనిట్‌లో ‘డేటా-యాడ్-స్టేటస్’ విలువ ‘అన్‌ఫిల్డ్’ అవుతుంది. దాన్నిబట్టి డబ్బాను దాచేయవచ్చు, కానీ తెర కింద ఇంకా కనపడని స్లాట్లకే ఆ పని చేయండి. కళ్లెదుట ఉన్న డబ్బా ముడుచుకుంటే పేజీ ఈసారి పైకి ఎగురుతుంది. అదీ జారుడే.

పని కుదిరిందో లేదో గూగుల్ వారి సెర్చ్ కన్సోల్‌లో, పేజీ వేగాన్నీ నిలకడనీ కొలిచే ‘కోర్ వెబ్ వైటల్స్’ రిపోర్టు చెబుతుంది. జారుడును కొలిచే సీఎల్ఎస్ 0.1 లోపు ఉండాలి. ప్రధాన భాగం కనిపించే సమయం 2.5 సెకన్లలోపు, నొక్కితే పలికే సమయం 200 మిల్లీసెకన్లలోపు. సెర్చ్ కన్సోల్ 28 రోజుల డేటా మీద లెక్కేస్తుంది కాబట్టి ఈ రోజు సరిచేస్తే రేపు పచ్చరంగు రాదు, నెల ఆగాలి. ఆగలేక మధ్యలో ఇంకో మార్పు చేస్తే ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

పేజీ కింది యాడ్స్‌ని లేజీ లోడ్ చేయండి, పాఠకుడు ఒక తెర దూరంలోకి వచ్చినప్పుడే పిలవండి. ఎవరూ చూడని యాడ్ వల్ల పేజీ బరువెక్కడం తప్ప లాభం లేదు. యాడ్‌లో సగం పిక్సెళ్లు కనీసం ఒక సెకను తెర మీద ఉంటేనే దాన్ని చూసినట్టు లెక్క. యాడ్‌సెన్స్ రిపోర్టులో ఒక్కో యూనిట్‌కి ఈ ‘యాక్టివ్ వ్యూ’ శాతం చూడండి. 40 లోపు ఉన్న స్లాట్లను తీసేయండి, లేదా పైకి జరపండి. ఫుటర్ పక్కన ఉన్నవి ఎక్కువగా ఇందులోనే దొరుకుతాయి. తీసేసినా ఆదాయంలో పెద్ద తేడా ఉండదు, పేజీ మాత్రం తేలికవుతుంది.

ఆటో యాడ్స్ (యాడ్ ఎక్కడ పెట్టాలో గూగులే ఎంచుకునే పద్ధతి) వాడేవాళ్లు అన్నీ ఆన్ చేసి వదిలేస్తుంటారు. పేజీకి ఎన్ని యాడ్స్ చూపాలన్న సెట్టింగును మధ్యకంటే తక్కువకి దించండి. యాంకర్ ఒక్కటీ ఉంచండి, అదీ తెర అడుగునే. పేజీ మారేటప్పుడు తెరంతా కప్పే విన్యెట్‌ని సెషన్‌లో ఒక్కసారికి మించి కనపడనంత ఎడంగా పెట్టుకోండి, ఎన్ని నిమిషాలకోసారి అన్నది సెట్టింగుల్లోనే ఉంటుంది. పాఠకుడు వేరే ట్యాబ్‌కి వెళ్లి తిరిగొచ్చినప్పుడు కూడా విన్యెట్ చూపే అదనపు ట్రిగ్గర్లు ఉన్నాయి, వాటిని ఆపేయండి. నంబరు కాపీ చేసుకోవడానికి వెళ్లొచ్చినవాడి ముఖం మీద తలుపేసినట్టుంటుంది. ‘మమ్మల్ని సంప్రదించండి’, హాల్ టికెట్, ఫలితాల పేజీలను ఆటో యాడ్స్ నుంచి మినహాయించి, వాటిలో మీరే చేత్తో ఒకటో రెండో స్లాట్లు పెట్టండి. స్లాట్‌లో యాడ్ దానంతటదే మారిపోయేలా రిఫ్రెష్ కోడ్ రాయడం యాడ్‌సెన్స్‌లో నిషిద్ధం. సౌండ్‌తో మొదలయ్యే వీడియోలు, పాప్-అప్‌లు ఎంత డబ్బిస్తామన్నా వద్దు.

ఎలాంటి యాడ్ వస్తోందో చూస్తున్నారా?

చోటు ఒక్కటీ సరిగ్గా ఉంటే చాలదు. వశీకరణం, వారంలో పది కిలోలు తగ్గించే పొడి, అయిదు నిమిషాల్లో అప్పు. ఇవి మీ సైటు పేరు కిందే కనిపిస్తాయి, పాఠకుడు మీరే చెబుతున్నారనుకుంటాడు. డబ్బు పందెం ఆటల విషయంలో మర్యాదతో పాటు చట్టమూ ఉంది. తెలంగాణ 2017లోనే రమ్మీతో సహా ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం ఆన్‌లైన్ మనీ గేమ్స్ ప్రకటనల్నీ శిక్షార్హం చేసింది. వాటి ఏజెంట్లు నేరుగా మెయిల్ పంపి, నెలకింతని ఆశ చూపిస్తే చేయి చాపకండి.

యాడ్‌సెన్స్‌లో ‘బ్లాకింగ్ కంట్రోల్స్’కి వెళ్లండి. సున్నితమైన కేటగిరీలు ఒక్కోదాని పక్కన, ఇటీవలి ఆదాయంలో దాని వాటా ఎంతో కనిపిస్తుంది. ఒకటీ రెండూ శాతం ఉన్నవాటిని ఆలోచించకుండా మూసేయండి. అయితే ఊపులో అన్ని కేటగిరీలూ మూయకండి. మీ యాడ్ చోటు కోసం ప్రకటనదారుల మధ్య జరిగే వేలంలో పోటీ పడేవాళ్లు తగ్గితే మిగిలినవాళ్లు కట్టే రేటూ పడిపోతుంది. వారానికి పావుగంట ‘యాడ్ రివ్యూ సెంటర్’ చూస్తూ చెడ్డవాటిని ఏరేయడం మంచి పద్ధతి. ముఖ్యంగా ఆకుపచ్చ రంగులో ‘డౌన్‌లోడ్’, ‘స్టార్ట్’ అని బటన్లలా ఉండే బొమ్మలు. హాల్ టికెట్ వెతికే పిల్లలు నేరుగా వాటి మీదే పడతారు. అలాంటివి కనిపిస్తే ఆ ఒక్క యాడ్‌నే కాదు, ఆ ప్రకటనదారు ఖాతానే బ్లాక్ చేయండి.

మార్పును పరీక్షించేటప్పుడు

ఒకసారికి ఒక్క మార్పు. పోయిన వారంతో ఈ వారాన్ని పోల్చడం చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. ఫలితాలు వచ్చిన రోజు ట్రాఫిక్ వేరు, వినాయక నిమజ్జనం రోజు వేరు. యాడ్‌సెన్స్‌లోనే ‘ఎక్స్‌పరిమెంట్స్’ ఉన్నాయి, ట్రాఫిక్‌లో సగానికి పాత పద్ధతి, సగానికి కొత్తది చూపిస్తాయి. కనీసం రెండు పూర్తి వారాలు నడపండి, ఆదివారాలు రెండు వైపులా సమానంగా పడాలి. నాలుగు రోజులకే గెలిచిందనిపిస్తే ఆపేయకండి. ఆ రిపోర్టు మీకు ఆదాయం చెబుతుంది గానీ విసుగు చెప్పదు. సెషన్‌కి పేజీలు, తిరిగి వచ్చినవాళ్లు, ఈ రెండూ అనలిటిక్స్‌లో మీరే చూసుకోవాలి. ఆదాయం 5 శాతం పెరిగి సెషన్‌కి పేజీలు 10 శాతం తగ్గితే ఆ మార్పును వెనక్కి తీసుకోండి.

ఊళ్లోవాళ్ల యాడ్స్

తక్కువ యాడ్స్‌తో ఎక్కువ రాబట్టే దారి ఇది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్, అమీర్‌పేట హాస్టల్, నుమాయిష్‌లో స్టాల్ పెట్టే వ్యాపారి, వీళ్లకు మీ పాఠకుడే కావాలి. నెలకింతని మాట్లాడుకుని ఒక స్లాట్ ఇచ్చేయండి. ధర ఎంతో తెలియక చాలామంది చవగ్గా ఇచ్చేస్తారు. ఆ స్లాట్ ప్రస్తుతం ఎంత తెస్తోందో అదే అడుగు ధర. నెలకు 60 వేల పేజీ వ్యూస్, ఆ ఒక్క స్లాట్‌కి వెయ్యికి 25 రూపాయలు వస్తుంటే 1,500. నెలంతా వాళ్లదే కనపడుతుంది కాబట్టి 3,000 దగ్గర మొదలుపెట్టడం న్యాయమే. బొమ్మ 100 కేబీ మించకూడదు, కదిలే జిఫ్ వద్దు, లింకు కోడ్‌లో ‘రెల్’ విలువగా ‘స్పాన్సర్డ్’ (డబ్బు తీసుకుని పెట్టిన లింకని గూగుల్‌కి చెప్పే గుర్తు) పెట్టాలి. వాళ్లే రాసిచ్చిన వ్యాసం వేస్తే శీర్షిక పైనే ‘ప్రకటన’ అని ఉండాలి. వార్తలా కనిపించే ప్రకటనను కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు మార్గదర్శకాల్లో డార్క్ ప్యాటర్న్‌గా (జనాన్ని తప్పుదారి పట్టించే డిజైన్‌గా) చేర్చింది. ఫలితం అడుగుతారు కనుక ఎన్నిసార్లు కనిపించిందో, ఎందరు నొక్కారో నెలాఖరున ఒక పేజీలో పంపండి. రెండో నెలకు డబ్బు తెచ్చేది ఆ పేజీయే.

దసరా నుంచి డిసెంబరు దాకా ప్రకటనదారులు బాగా ఖర్చుపెడతారు. జనవరి రాగానే రేట్లు దిగిపోతాయి. స్లాట్లు పెంచాలన్న కంగారు పుట్టేదీ అప్పుడే. సంక్రాంతికి సగం నగరం ఊళ్లకు వెళ్లి ఉంటుంది, ట్రాఫిక్ కూడా పడుతుంది. ఆ రెండు మూడు వారాలు యాడ్స్ సెట్టింగులు ముట్టుకోకండి. పోయిన ఏడాది జనవరితో పోల్చి చూసుకోండి. ఫిబ్రవరి రెండో వారానికీ కోలుకోకపోతే, అప్పుడు స్లాట్ స్లాట్‌గా వెతకడం మొదలుపెట్టండి.